ఇల్లు పడని చెయ్యి

ఉక్కునగరంలో మాకు క్వార్టరు దొరికిన మరుసటి ఏడాది నా కుడిచేతికి పొక్కులు లేచాయి. తొంభైల మొదట్లో సంగతి. మొదటిసారి వచ్చినప్పుడు నేనేమీ కంగారు పడలేదు. వేళ్ళ సందుల్లో దురద పెడుతుంటే చేపముల్లు గుచ్చుకుందేమో అనుకున్నాను. సముద్రపొడ్డున పుట్టినదాన్ని, చేపముళ్ళు నాకు కొత్త కాదు. కానీ రెండోరోజుకి బొటనవేలి పక్కనా అరచేతి అంచునా సగ్గుబియ్యం అంటించినట్టు నీటిపొక్కులు తేలాయి. ముట్టుకుంటే మంట, ముట్టుకోకపోతే దురద. తర్వాత అవన్నీ కలిసి బొబ్బలయ్యాయి, చితికి కారాయి, ఎండి పొరలు పొరలుగా ఊడాయి. అమ్మయ్య పోయాయి అనుకున్నాక మళ్ళీ అదే చోట, అదే వరసలో తయారు.

ఎడమచెయ్యి మాత్రం నిగనిగలాడుతూ ఉండేది. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది. పనంతా కుడిదాని మీదకి తోసేసి అది సుఖపడుతోందని తిట్టుకునేదాన్ని.

ఆ ఇంట్లో మేం ముగ్గురం. మా ఆయన నా మేనత్త కొడుకు. పెళ్ళికి ముందూ బావే, తర్వాతా బావే. ప్లాంటులో ఫిట్టరు. మూడో మనిషి మా అత్త, అంటే మా నాన్నకి సొంత అక్క. మావయ్య పోయాక కొడుకు దగ్గరికి వచ్చి ఉంటోంది. అత్తగారు కాకముందు నన్ను చంకనేసుకుని తిప్పిన మనిషి కాబట్టి మా మధ్య ‘మీరు’లూ ‘గార్లూ’ ఎప్పుడూ లేవు. దెబ్బలాడుకున్నా నువ్వంటే నువ్వనే.

క్వార్టరంటే మేడా కాదు, మిద్దే కాదు. రెండు గదులు, వంటిల్లు, వెనక నాలుగు మొక్కలకి సరిపడా పెరడు. అయినా ఆ ఇల్లంటే నాకు ప్రాణం. మా పాలెంలో మంచినీళ్ళు కావాలంటే వరసలో బిందె పెట్టి, ఒక కన్ను బిందె మీదా, ఇంకో కన్ను వెనకున్నావిడ మీదా వేసి నిలబడాలి. ఇక్కడ కుళాయి తిప్పితే నీళ్ళు. గాలివాన వస్తే కప్పు ఎగిరిపోతుందని తాళ్ళు కట్టుకోనక్కర్లేదు. కాపురానికి వచ్చిన కొత్తలో ఉత్తి పుణ్యానికి కుళాయి తిప్పి, నీళ్ళు రావడం చూసి, కట్టేసేదాన్ని. నా జన్మకి ఇంతకన్నా వేరే వైభోగం అక్కర్లేదనిపించేది.

మా అత్తకి మాత్రం ఆ ఊరు సుతరామూ నచ్చలేదు.

“ఏటే ఈ ఊరు? అన్నిళ్ళూ ఒక్కలాగే ఉంటాయి. ఎవలింటికెల్లినా మనింటికెల్లినట్టే ఉంటాది. సముద్రం సప్పుడు ఇనపడదు. సప్పుడు నేకపోతే నిద్దరెలాగ పడతాది?” అనేది.

ఒకసారి నిజంగానే పక్క వరసలో ఎవరింట్లోకో వెళ్ళిపోయి, తిన్నగా వంటింట్లోకి నడిచి, “ఉప్పుడబ్బా ఎక్కడెట్టినావే?” అని అడిగిందట. ఆ ఇంటావిడ కూడా ఏమీ అనుకోకుండా చూపించిందట. ఆ రోజు అత్త సిగ్గుపడింది గానీ, తప్పు తనది కాదు, ఊరిదే అని తేల్చేసింది.

ఇక నా చెయ్యి సంగతి వరస వరసంతా తెలిసింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెత. మా వరసలో కందకీ దురదే, కత్తిపీటలకీ దురదే. పసుపూ వేపాకూ నూరి పట్టించమన్నారు, పట్టించాను. బట్టలసబ్బు మార్చమన్నారు, మార్చాను. రొయ్యలు, వంకాయ, గోంగూర మానెయ్యమన్నారు. మా ఇళ్ళల్లో రొయ్యలు మానడమంటే ఊపిరి మానడమే. అయినా మానాను. పొక్కులు మాత్రం నన్ను మానలేదు.

అది సర్పి అని ఇంకొకావిడ తేల్చింది. సర్పి అయితే సింహం బొమ్మ వేయించాలి. సింహాన్ని చూస్తే సర్పి పారిపోతుందని మా వైపు నమ్మకం. కూర్మన్నపాలెం దగ్గర ఒక పెద్దాయన వేస్తాడంటే అత్త నన్ను లాక్కెళ్ళింది. ఆయన ఎర్రటి జాజుమట్టి నీళ్ళలో కలిపి, పుల్లతో నా మణికట్టు చుట్టూ సింహాలు గీశాడు. గీస్తున్నంతసేపూ ఏదో గొణుగుతూనే ఉన్నాడు. ఆ సింహాలు ముద్దొచ్చే కుక్కపిల్లల్లా ఉన్నాయి. సాయంత్రం బావ చూసి, “ఇయ్యి కరవ్వు గదా?” అని అడిగాడు. నవ్వు ఆపుకోలేకపోయాను. అత్త ఇద్దర్నీ కలిపి తిట్టింది.

మందుల షాపులో ఇచ్చిన ట్యూబు కూడా రాశాను. రాసినన్నాళ్ళూ తగ్గినట్టే ఉండేది. ఆపగానే మళ్ళీ బుసకొట్టేది. పొక్కులు పచ్చిగా ఉన్న రోజుల్లో అన్నం కలుపుకోవడం కూడా నరకమే. కారం తగిలితే ప్రాణం లేచిపోయేది. చెంచాతో తింటే తిన్నట్టే ఉండదు. అప్పుడు అత్తే కంచం ముందు పెట్టుకుని, చేపల పులుసు కలిపి, ముళ్ళు ఏరి ముద్దలు పెట్టేది. ఒక్కో ముద్దకీ ఆ క్వార్టరుని ఒక్కో తిట్టు తిట్టేది. నేను నోరు తెరవక తప్పదు కాబట్టి ముద్దా తిట్టూ రెండూ లోపలికి పోయేవి.

ఇలా కాదని బావ నన్ను కొన్నాళ్ళు పుట్టింట్లో దింపాడు. అక్కడ నేనేమీ కాళ్ళు చాపుకుని కూర్చోలేదు. అమ్మతో పాటు చేపలు కడిగాను, ఉప్పు పట్టించాను, ఇసకలో ఎండబెట్టాను. కుడిచెయ్యి రోజంతా ఉప్పునీళ్ళలోనే నానింది. చిత్రంగా పొక్కులన్నీ ఎండిపోయి, చెయ్యి నున్నగా తయారైంది. పట్టలేని సంతోషంతో ఇంటికొచ్చాను. వారం తిరక్కుండానే బొటనవేలి పక్కన సగ్గుబియ్యం మళ్ళీ తేలింది.

తర్వాత ఇంకోసారి వెళ్ళాను. మళ్ళీ తగ్గింది. తిరిగొచ్చాను, మళ్ళీ లేచింది. ఇక అత్తకి సాక్ష్యాలు అక్కర్లేకపోయింది.

“నాను సెప్పనేదేటి? ఈ ఇల్లు నీకు పడనేదు. ఉప్పుగాలి తగల్ని ఇల్లు మనకెలాగ పడతాది? మన నీళ్ళు తగిలితే సెయ్యి బాగుపడతన్నాది. ఎల్లిపోదాం పదండి.”

ఇల్లు పడకపోవడమనే మాట మా వైపు చిన్న మాట కాదు. ఇల్లు పడకపోతే పాడి కుదరదని, పిల్లలు నిలవరని, మనుషులే నిలవరని చెప్పుకుంటారు. వాస్తు చూసే ఒకాయన వచ్చి వంటింటి దిక్కు బాగోలేదన్నాడు. “వరసలో అన్ని వంటిళ్ళూ అదే దిక్కున ఉన్నాయి కదండీ, మరి ఆడాళ్ళందరి చేతులూ పొక్కాలి కదా?” అన్నాను. ఆయన నా నోటి దురుసు చూసి, అసలు దోషం ఇంట్లో లేదన్నట్టు తలాడించి వెళ్ళిపోయాడు.

ఆయన్ని గెలిచాను గానీ బావని గెలవలేకపోయాను. ఒక ఆదివారం అన్నాలయ్యాక మెల్లగా కదిపాడు.

“ఇల్లు ఒదిలీద్దామనుకుంటన్నాను. మీ నాన్నోలింటి దగ్గిర అద్దెకి సూస్తాను.”

“డ్యూటీకి అంత దూరం నుంచి రెండు బస్సులు మారి వస్తావా? రాత్రంతా సి షిఫ్టు చేసి వెళ్ళేటప్పుడు బస్సులోనే పడుకుంటావా?”

“పడుకుంటాన్లే. నీ సెయ్యికంటే క్వార్టరెక్కువేటి?”

ఆ మాట వేరే ఎవరితోనైనా అన్నదైతే నేనే మెచ్చుకునేదాన్ని. నాతోనే అనేసరికి ఏడుపొచ్చింది. ఆయన నా కోసమే వదులుకుంటానంటున్నాడు. నాకేమో వదులుకోవడం ఇష్టం లేదు. దాని కోసం ఎన్నాళ్ళు ఎదురుచూశామో ఇద్దరికీ తెలుసు. ఒకసారి వదిలేస్తే మళ్ళీ దొరకడం కల్ల. పక్క గదిలో అత్త అప్పటికే తన చీరలు మడతపెడుతున్న చప్పుడు వినబడుతోంది. “ఈ నెలొక్కటీ ఆగు బావా. ఒక్క డాక్టరుకి చూపించి వస్తాను. ఆ తర్వాత నీ ఇష్టం” అన్నాను. సరేనన్నాడు.

గాజువాకలో చర్మవ్యాధుల డాక్టరుగారు ఒకావిడ ఉన్నారని తెలిసి షేర్ ఆటోలో బయల్దేరాను. అత్త తోడు వచ్చింది. తోడంటే నా తరఫున కాదు, ఇంటికి ఎదురుసాక్షిగా.

డాక్టరుగారు నా చేతిని దీపం కింద పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశారు. ఎడమచేతిని కూడా చూశారు. ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు తగ్గుతోంది, తగ్గినప్పుడు ఎక్కడున్నావు అని తీరిగ్గా అడిగారు. నేను నోరు విప్పేలోపే అత్త అందుకుంది.

“ఇల్లు పడనేదండి డాట్రమ్మా. పుట్టింటికెల్తే పోతాది, ఇక్కడికొస్తే లేస్తాది. ఇంకేటీ నేదు.”

నేను సిగ్గుతో తల దించుకున్నాను. డాక్టరుగారు మాత్రం నవ్వలేదు.

“మీరన్నది నిజమేనమ్మా. ఇంట్లో ఏదో ఈ అమ్మాయికి పడటం లేదు. అదేదో ఒక్కటి కనిపెడితే చాలు కదా, ఇల్లంతా వదిలెయ్యడం ఎందుకు?”

ఆ మాటతో నాకు సగం జబ్బు తగ్గినట్టయింది. అత్త ముఖం చూస్తే గెలిచిందో ఓడిందో ఆవిడకే అర్థం కానట్టుంది.

డాక్టరుగారు విడమరిచి చెప్పారు. ఇలాంటి పొక్కులకి కారణాలు చాలా ఉంటాయట. కొందరికి చెమటకీ, దిగులుకీ లేస్తాయి. కొందరికి కాలి వేళ్ళ మధ్య ఒరిసి పాచిపోతే చేతికి పొక్కులొస్తాయి. నా కాళ్ళు కూడా చూశారు, శుభ్రంగానే ఉన్నాయి. రెండు చేతులకీ రాకుండా ఒక్క కుడిచేతికే వస్తోందంటే ఆ చెయ్యి దేన్నో ముట్టుకుంటోందని ఆవిడ అనుమానం. అది కనిపెట్టడానికి వీపు మీద పరీక్ష చేస్తామన్నారు. అనుమానమున్న పదార్థాలు కొద్దికొద్దిగా పట్టీల కింద పెట్టి వీపుకి అంటిస్తారు. రెండు రోజులు తడపకూడదు, గోక్కోకూడదు. ఏ పట్టీ కింద ఎర్రబడితే అదే దొంగ. మేం వాడే సబ్బూ, గిన్నెలు తోమే పొడీ కూడా తెమ్మన్నారు.

అత్త ఊరుకుంటుందా? మర్నాడు సంచి నిండా సబ్బు ముక్క, పొడి, పీచు, కుంకుమ, వెల్లుల్లి, చింతపండు, ఆఖరికి ఎండు నెత్తళ్ళ చేపలు కూడా సర్దింది. ఆటోలో పక్కనున్నవాళ్ళు ముక్కు మూసుకున్నారు. డాక్టరుగారు సంచి తెరిచి, నెత్తళ్ళు మాత్రం ఇంటికే తీసుకెళ్ళమన్నారు.

ఆ రెండు రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. నడి వేసవి. వైజాగు ఉక్కపోతలో నీళ్ళు పోసుకోకుండా, వీపు నిండా పట్టీలతో, గోడకి కూడా ఆనకుండా కూర్చున్నాను. కుళాయి ఉన్న ఇల్లు కావాలని ఏడ్చినదాన్ని, ఆ కుళాయి వంక చూస్తూ చెమటలు కక్కుకున్నాను. అత్త తాటాకు విసనకర్రతో విసురుతూ, “ఇదేటి వైద్యమే, మురిగి సావమని సెప్పే వైద్యం” అంది. విసరడం మాత్రం ఆపలేదు.

మళ్ళీ వెళితే డాక్టరుగారు పట్టీలు ఒలిచి చూశారు. సబ్బు కింద ఏమీ లేదు, పొడి కింద ఏమీ లేదు. ఆవిడ తన దగ్గరున్న మందులతో వేసిన పట్టీల్లో ఒకదాని కింద మాత్రం ఎర్రగా తడెక్కి, మధ్యలో సగ్గుబియ్యం గింజ తేలింది.

“ఓలమ్మో, ఈపుకీ వచ్చీసింది!” అని అత్త గుండె బాదుకుంది.

“రావాలనే కదమ్మా పెట్టాం. దొంగ దొరికింది” అన్నారు డాక్టరుగారు. ఆవిడ ముఖం వెలిగిపోయింది. “దీన్ని క్రోమియం అంటారు. సిమెంటులో ఉంటుంది, తాపీపని వాళ్ళ చేతులు ఇలాగే పొక్కుతాయి. తోలుని పదును చెయ్యడానికీ వాడతారు. మీ ఇంట్లో సిమెంటు పని ఎవరైనా చేస్తారా?”

“నేదండి.”

“తోలు వస్తువులు?”

“మాకు తోలేటుంటాదండి, సెప్పులు తప్ప. సెప్పులు కాళ్ళకి గదండీ. సేతికెలాగ వస్తాది?” అంది అత్త.

నేనూ ఎంత ఆలోచించినా ఏమీ తట్టలేదు. డాక్టరుగారు రాయడానికి మందు ఇచ్చారు. గులాబీరంగు వచ్చేలా మందు పలుకు కలిపిన నీళ్ళలో రోజూ కాసేపు చెయ్యి నానబెట్టి, మెత్తటి గుడ్డతో అద్దుకోమన్నారు. పొక్కులు చిదమవద్దన్నారు. కొత్త చర్మం వచ్చాక వాజలీనో కొబ్బరినూనో రాస్తూ ఉండమన్నారు. “కానీ అదేదో కనిపెట్టకపోతే ఈ మందులన్నీ మళ్ళీ మళ్ళీ కొనాల్సిందే. రేపు పొద్దున్న లేచినప్పటి నుంచి మీ కుడిచెయ్యి ఎక్కడికి వెళితే అక్కడికి వెళ్ళి చూడండి” అన్నారు.

మర్నాడు అదే పని చేశాను. బావది బి షిఫ్టు, మధ్యాహ్నం దాకా ఇంట్లోనే ఉంటాడు. ఇంకా లేవలేదు. కుడిచెయ్యి తలుపు గడియ తీసింది. పళ్ళపొడి వేసుకుంది. చీపురు పట్టుకుంది, ముగ్గు వేసింది, కరివేపాకు కోసింది, ఉప్పుడబ్బాలో దూరింది. తోలన్నది ఎక్కడా కనబడలేదు. నన్ను చూసి అత్త, “ఏటే, సెయ్యిని అలగ సూత్తన్నావు, అదేదో పరాయి మనిసినాగ?” అంది.

అన్నం ఉడికింది. మాది గంజి వార్చే వంట. కుక్కరు అన్నం అత్తకి సహించదు, గంజి నీళ్ళలో ఉప్పేసుకుని తాగకపోతే ఆవిడకి రోజు గడవదు. రెండు పూటలా వార్పే. గోడమేకుకి వేలాడుతున్నదాన్ని తీసి చేతికి తొడుక్కున్నాను. కుడిచేత్తో తపేలా అంచు పట్టుకుని, ఎడమచేత్తో మసిగుడ్డ పెట్టి మూత అదిమి, పొయ్యి మీంచి దించి, బేసిన్లోకి వంచాను. గంజి దబదబా పడుతోంది. ఆవిరి మోచేతుల దాకా కొడుతోంది. కుడిచెయ్యి ఎక్కడుందో చూడమన్నారు కదా అని చూశాను.

చెయ్యి కనబడలేదు. తోలు కనబడింది.

అది ప్లాంటు గ్లౌజు. మా వరసలో అలాంటివి లేని వంటిల్లు లేదు. ఒకరింట్లో పగుళ్ళిచ్చిన హెల్మెట్టు తిరగేసి ఉల్లిపాయలు పోసేవారు. ఇంకొకరింట్లో పాత డ్యూటీ ప్యాంట్లు చింపి మసిగుడ్డలు చేసేవారు. మా ఇంట్లో గ్లౌజులు. ఫిట్టరుకి ఎడమచెయ్యి ఇనుము చెక్కే సేనం పట్టుకుంటుంది, కుడిచెయ్యి సుత్తి కొడుతుంది. దెబ్బలన్నీ తిని ఎడమది ముందు చిరిగిపోతుంది. జతలో మిగిలిన కుడిది ఎవరికీ పనికిరాదు. పారేసే ఆ ఒంటి గ్లౌజులు మా మేకుకి చేరేవి. కాపురానికి వచ్చిన కొత్తలో నేను గంజి వారుస్తూ చెయ్యి కాల్చుకున్నాను. ఆ మర్నాడే బావ మొదటిది తెచ్చి, తనే నా చేతికి తొడిగి చూశాడు. అప్పటినుంచి రెండు పూటలా వేడి తపేలా అంచున, ఆవిరికి తడిసి, లోపల నా చెమటకి నాని, అది నా చేతినే అంటిపెట్టుకుని ఉంది. పుట్టింట్లో అమ్మ గోనెగుడ్డతో వార్చేది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, చేతికి తొడుక్కుని గాజువాక దాకా వెళ్ళి వెతికాను.

“అత్తా! బేగి రా!” అని అరిచాను. గిన్నె వదిలితే కాళ్ళ మీద పడుతుంది, పట్టుకుంటే ఆ గ్లౌజులోనే ఉండాలి. అత్త కంగారుగా వచ్చి తన పైట కొంగుతోనే తపేలా పట్టేసుకుంది. నేను గ్లౌజు విదిలించి కింద పడేసి, వేలితో చూపించాను.

అత్త గంజి పూర్తిగా వార్చింది. ఆ తర్వాత కింద కూర్చుని దాన్ని తిప్పి తిప్పి చూసింది.

“నానూ ఏసుకున్నాను గదే అప్పుడప్పుడు. నాకేటీ అవనేదు.”

“నీకు పడింది, నాకు పడలేదు.”

“మరి కొత్తలో నీకూ అవనేదు గదా?”

అదే మాట తర్వాత డాక్టరుగారిని అడిగితే, ఒళ్ళు చాలాకాలం ఓర్చుకుంటుందని, ఒకసారి వద్దనుకున్నాక ఇక ఎప్పటికీ ఓర్చుకోదని చెప్పారు. మనుషుల్లో కూడా అలాంటివాళ్ళు ఉంటారు, నాకు బాగానే అర్థమైంది.

“అయితే ఇల్లు కాదన్నమాట” అంది అత్త. చాలా చిన్నగా అంది.

నాకు ఎగిరి గంతెయ్యాలని ఉంది. కానీ ఆవిడ ముఖం చూస్తే ఉసూరుమనిపించింది. నా చెయ్యి బాగుపడటమంటే ఆవిడకి సముద్రం మళ్ళీ దూరమైపోవడమే. అప్పటికే చీరలు మడతపెట్టుకున్న మనిషి. ఆ క్షణంలో ఆవిడ మాట్లాడకుండా ఊరుకుంటే, నేను కూడా బావకి ఎలా చెప్పాలో తెలియక కొన్నాళ్ళు తాత్సారం చేసేదాన్నే. ఎందుకంటే ఆ గ్లౌజు ఆయన నాకిచ్చిన వస్తువు. నగలూ చీరలూ పెళ్ళిలో పెద్దవాళ్ళు పెట్టారు. తనంతట తను, నా కోసం ఆలోచించి తెచ్చింది అదొక్కటే.

కానీ అత్త లేచి గదిలోకి వెళ్ళి కొడుకుని తట్టి లేపింది.

“ఒరే, ఇల్లు మంచిదేరా. ఒదలక్కర్నేదు. నువ్వు తెచ్చిందే మంచిది కాదు.”

బావ నిద్రకళ్ళతో వంటింట్లోకి వచ్చి అంతా విన్నాడు. గ్లౌజుని చేతిలోకి తీసుకుని గుమ్మంలో కూర్చుండిపోయాడు. దాని వేళ్ళలోకి తన వేళ్ళు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు.

“కాలకూడదని తెచ్చినాను” అన్నాడు.

“కాలలేదు కదా బావా. అప్పటినుంచి ఒక్కసారి కూడా కాలలేదు” అన్నాను. అది నేను ఓదార్చడానికి అన్న మాట కాదు, నిజమే.

ఆయన మర్నాడు అన్నం ఉడికేసరికి తువ్వాలు భుజానేసుకుని పొయ్యి దగ్గరికి వచ్చాడు. నన్ను పక్కకి జరగమని, రెండు గుడ్డలు పెట్టి తపేలా దించాడు. ఇనుముతో పనిచేసే మనిషికి ఇదో లెక్కా అనుకున్నట్టున్నాడు. వంచీ వంచగానే మూత జారింది. గంజితో పాటు సగం అన్నం బేసిన్లోకి దూకేసింది.

అత్త పరుగున వచ్చింది. మగాడు గంజి వార్చడమేంటని విరుచుకుపడుతుందనుకున్నాను. నా మీద పడుతుందేమో అని కూడా అనుకున్నాను.

“మూత అలగ పట్టుకుంటారేట్రా ఎవలైనా? బొటనేలు పైకెట్టి అదుము. అదిమి ఒంచు. నిదానంగా ఒంచు” అంది. కొడుకు చేతుల మీద తన చేతులు వేసి పట్టించింది.

ఆ పూట అన్నం చిమిడిపోయింది. బేసిన్లో పడినదాన్ని కూడా చేత్తో దేవి ముగ్గురం తిన్నాం. అత్తే నాకు ముద్దలు పెట్టింది. క్వార్టరుని తిట్టలేదు. ఆ పూట తిట్లన్నీ బావ వార్పుకే సరిపోయాయి.

ఎండలు తగ్గేసరికి నా చెయ్యి పూర్తిగా బాగుపడింది. కొత్త చర్మం కొన్నాళ్ళు పలచగా, ఎర్రగా ఉండి, తర్వాత ఎడమచేతి రంగులో కలిసిపోయింది. రెండువేల సంవత్సరం దాటాక ఎవరో ముచ్చటపడి తోలు పట్టీ వాచీ ఇస్తే, మణికట్టు చుట్టూ మళ్ళీ పొక్కులు లేచాయి. పట్టీ మార్చాను, పోయాయి. అంతే, ఇంకెప్పుడూ రాలేదు. మేకుకి ఉన్న గ్లౌజులన్నీ అప్పుడే వీధి చివర తోటపని చేసే ఆయనకి ఇచ్చేశాను, ఆయనకి శుభ్రంగా పడ్డాయి. బావ మాత్రం ఇంట్లో ఉన్న పూటల్లో వార్పు మానలేదు. ఆయన సి షిఫ్టులో అలిసిపోయి వస్తే అత్త వార్చేది. చెయ్యి బాగుపడింది కదా, నేను గుడ్డతో వారుస్తానన్నా ఇద్దరూ వినలేదు.

నా చెయ్యి బాగుపడిన ఆ ఏడాది వానాకాలం మొదట్లో ఒక సాయంత్రం అత్త పెరట్లోకి వెళ్ళి, వెనక గోడ దగ్గర చాలాసేపు నిలబడింది. చెయ్యి అడ్డం పెట్టుకుని గాలి ఎటు నుంచి వస్తోందో చూసింది. నేను గుమ్మంలో కూర్చుని చూస్తున్నాను. మళ్ళీ వెళ్ళిపోదామంటుందేమో అని నా భయం. ఆవిడ బావని పిలిచింది.

“ఇక్కడో గట్టు కట్టరా. గాలి ఇటేపు నుంచే వస్తన్నాది. సాయంత్రాలు కూకుంటాను.”

ఆ ఇంట్లో ఆవిడ తనకంటూ ఏదైనా అడగడం అదే మొదటిసారి. బావ నా వంక చూశాడు. నేను కళ్ళు తుడుచుకునే లోపల, “రేపు ఇటికలు తెస్తానమ్మా” అన్నాడు.

“నువ్వే కట్టు. నీ పెళ్ళాన్ని మాత్రం ఆ సిమెంటు సాయలకి రానీకు” అంది అత్త.